కేంద్రకముల తాకిడిలో కణముల పుట్టుక

అరిసెలకు పాకము పట్టు ఇల్లాలు ఉష్ణమాపకము కొరకు వెదకదు. మరుగుచున్న పాకము నుండి ఒక బొట్టు తీసి చల్లని నీటిలో విడుచును. అది కరగిపోయినచో పాకము ఇంకను లేతది. మెత్తని ఉండగా నిలిచినచో అదను వచ్చినది. పాత్రలోని వేడిమిని నీటిలో పేరుకొనిన బొట్టు తెలుపుచున్నది. ప్రయోగశాలలో మానవుడు పుట్టించిన మిక్కిలి వేడి పదార్థము చల్లారి కణములుగా పేరుకొను క్షణమున దాని ఉష్ణోగ్రత ఎంతయో భౌతిక శాస్త్రజ్ఞులు ఇట్టి ఉపాయముచేతనే తెలిసికొనుచున్నారు. ఆ ఉపాయమునకు ఆధారమైన గణిత నమూనా ఎట్టిదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో మేమిచ్చట వివరింప దలచితిమి.

జెనీవా నగర సమీపమున భూగర్భములో 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయాకారపు యంత్రమొకటి కలదు. అందు 2010 నవంబరులో సీసపు కేంద్రకములను ఎదురెదురుగా, కాంతివేగమునకు మిక్కిలి దగ్గరి వేగముతో ఢీకొట్టించిరి. ఒక్కొక్క సీసపు కేంద్రకమున 82 ప్రోటానులు, 126 న్యూట్రానులు ఉండును. కావున తాకిడిలో ప్రవేశించునవి మొత్తము 416 మాత్రమే. కాని రెండు కేంద్రకములు సూటిగా తాకినపుడు వెలువడు విద్యుదావిష్ట కణములు పదివేలకు మించియున్నవి. మిగిలినవి ఎక్కడనుండి వచ్చినవి? తాకిడిలోని శక్తియే ద్రవ్యరాశిగా మారి కణరూపమును దాల్చినది. ఈ తాకిడులను పరిశీలించు ఆలిస్ అను ప్రయోగమునకు కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రము మొదలగు భారతీయ సంస్థలవారు ఫోటానులను లెక్కించు పరికరమును నిర్మించి యిచ్చిరి.

ఇన్ని కణముల పుట్టుకను ఒక్కొక్కదానిగా లెక్కగట్టుట ఎవరి తరము కాదు. తిరునాళ్లలో ప్రతి మనిషి నడకను గుర్తించలేకపోయినను, జనప్రవాహము ఎటు సాగునో చెప్పవచ్చును గదా! ఈ మార్గమును 1950లో ఫెర్మీ తెరచెను. శక్తి కణముల నడుమ సంభావ్యతా నియమముల ప్రకారము పంచబడునని ఆయన భావించెను. ఆ వేడి ముద్ద ద్రవమువలె వ్యాపించునని 1953లో లాండౌ ప్రతిపాదించెను. ఎంత శక్తి నిచ్చినను, ఒక హద్దు దాటిన పిమ్మట అది ఉష్ణోగ్రతను పెంచక క్రొత్త క్రొత్త కణములను పుట్టించుటకే వ్యయమగునని 1965లో హాగెడార్న్ చెప్పెను.

నేటి నమూనాలో ఈ భావములు మెట్లు మెట్లుగా కూర్చబడినవి. మొదటి మెట్టున, కేంద్రకములు ఎంతమేర ఒకదానిపై నొకటి పడినవో లెక్కింతురు. రెండవ మెట్టున, ప్రోటానులును న్యూట్రానులును కరగి, వానిలోని క్వార్కులు, గ్లువానులు స్వేచ్ఛ పొందిన పదార్థము ఎట్లు ప్రవహించునో గణింతురు. తాకిడి పక్కవాటుగా జరిగినపుడు ఈ పదార్థము బాదంపప్పు ఆకారమున నుండును. దాని సన్నని దిశలో ఒత్తిడి తేడా హెచ్చు. కావున ఆ దిశనే కణములు ఎక్కువగా ఎగసివచ్చును. ఒండొంటిని తాకని వాయుకణములకు ఇట్టి పక్షపాతము ఉండదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవారు 2000లో ఆరంభించిన ప్రయోగములలో ఈ లక్షణమునే చూచి, అది దాదాపు జిగటలేని ద్రవమని 2005లో ప్రకటించిరి.

మూడవ మెట్టు పాకపు బొట్టు వంటిది. ద్రవము చల్లారి కణములుగా పేరుకొనును. తేలిక కణములు మెండుగను, బరువైనవి అరుదుగను పుట్టును; ఆ నిష్పత్తియే ఉష్ణోగ్రతను పట్టియిచ్చును. లెక్కకు వచ్చిన విలువ సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీలు. అది సూర్యగర్భపు వేడిమికి లక్ష రెట్లకు పైమాట. తేలికయగు పయాను మొదలు ప్రతి హీలియము వరకు, సంఖ్యలో నూరుకోట్ల రెట్ల తేడాగల కణములు ఈ ఒక్క ఉష్ణోగ్రతతోనే చాలవరకు లెక్కకు అందుచున్నవి. ప్రతి హీలియము ఎంత అరుదో చూడుడు: 2011లో బ్రూక్‌హేవెన్ వారు నూరుకోట్ల తాకిడులను జల్లించి 18 మాత్రమే కనుగొనిరి.

ఇంత పొందిక కుదిరినంతనే పని ముగిసినదా? లేదు. జెనీవాలో ప్రోటానులు తొలుత నమూనా చెప్పినదానికంటె తక్కువగా కనబడినవి. పయానులు ప్రోటానులపై చూపు ప్రభావమును లెక్కలో చేర్చిన పిదప ఆ తేడా తగ్గినది. అంతకంటె గడ్డు చిక్కు డ్యూటెరానుది. ఒక ప్రోటాను, ఒక న్యూట్రాను కలిసిన ఈ కేంద్రకపు బంధము మిక్కిలి బలహీనము. అట్టి వేడిలో అది నిలుచుట కొలిమిలో మంచుగడ్డ నిలిచినట్లే. అయినను నమూనా చెప్పిన సంఖ్యలోనే అది దొరకుచున్నది. చల్లారిన పిమ్మట దగ్గరగా సాగు కణములు జతకూడి డ్యూటెరానులగుచున్నవని కొందరి వాదము. సంఖ్య సరిపోవుట వేరు, కారణము తెలియుట వేరు.

ఈ వివాదము పండితులకు మాత్రమే పరిమితము కాదు. విశ్వము పుట్టిన తొలి సెకనులో లక్షవ వంతు ప్రాంతమున సమస్త పదార్థమును ఈ వేడిమి నుండియే చల్లారి, క్వార్కులు ప్రోటానులుగను న్యూట్రానులుగను ముడివడెను. మన దేహములోని ప్రోటానులు ఆనాడు పేరుకొనినవే. అందుచేత ఈ నమూనాలోని ప్రతి తప్పును వెదకి దిద్దుట మన పుట్టువును మనము సరిగా చదువుకొనుటయే యగును.