కరిగిపోయే స్టెంటు: లోపల ఎలా ఉందో చూసేదెలా?

"గుండెలో వేసిన స్టెంటు కరిగిపోయిందా, ఇంకా ఉందా?" కరిగే స్టెంటు వేయించుకున్నవారికి సహజంగా వచ్చే సందేహమిది. దీనికి జవాబు ఈ సంచికలో వివరిస్తున్నాము.

మామూలు స్టెంటు లోహపు జాలీ. అది జీవితాంతం రక్తనాళంలోనే ఉంటుంది. మన దేశానికి 2012లో వచ్చిన 'అబ్జార్బ్' స్టెంటు పాలీలాక్టైడ్ అనే పదార్థంతో చేసినది. కుట్లకు వాడే కరిగే దారాల వంటిదే ఇదీ. సుమారు మూడేళ్లలో నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారి పోతుంది.

యాంజియోగ్రాం: ఈ పదార్థం ఎక్స్‌రేలో కనిపించదు. అందుకే రెండు చివర్లా చిన్న ప్లాటినం చుక్కలు అమర్చారు. స్టెంటు కరిగినా ఆ చుక్కలు మిగిలే ఉంటాయి. అవి కనిపిస్తే స్టెంటు కరగలేదని భయపడకండి.

సి.టి. స్కాన్: లోహపు స్టెంటు ఇందులో ఉన్నదానికంటే లావుగా మెరిసి లోపలి దారిని కప్పేస్తుంది. కరిగే స్టెంటుతో ఆ ఇబ్బంది లేదు.

ఓ.సి.టి.: సన్నని గొట్టాన్ని రక్తనాళంలోకి పంపి, పరారుణ కాంతితో గోడను చూసే పరీక్ష ఇది. మిల్లీమీటరులో సుమారు నూరో వంతు వివరం కూడా తెలుస్తుంది. రక్తం కాంతికి అడ్డు కనుక, కొన్ని సెకన్లు రంగు మందు ఎక్కించి దాన్ని పక్కకు నెడతారు. లోహపు కడ్డీ మెరుస్తూ, దాని వెనుక నీడ పడుతుంది. కరిగే స్టెంటు కడ్డీ నల్లని చిన్న పెట్టెలా కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పెట్టెలు చెరిగిపోతాయి.

ఇంత వివరంగా చూడడమెందుకు? అబ్జార్బ్ కడ్డీల మందం సుమారు 0.15 మిల్లీమీటర్లు. నేటి లోహపు స్టెంట్ల కంటే ఇది ఎక్కువ. అవి గోడకు సరిగా ఆనకపోతే రక్తం గడ్డ కట్టవచ్చు. పరిశోధనల్లో ఇటువంటి గడ్డలు లోహపు స్టెంట్లలో కంటే ఎక్కువగా కనిపించాయి. అమ్మకాలు తగ్గి, 2017లో కంపెనీ దాన్ని నిలిపివేసింది. తరువాత మన దేశంలోనే తయారైన 'మెరెస్ 100'లో కడ్డీల మందం 0.1 మిల్లీమీటరుకు తగ్గింది.

మీరు గుర్తుంచుకోవలసినవి:

- డిశ్చార్జి కాగితాలు, యాంజియోగ్రాం సి.డి. భద్రపరచండి. మీది ఏ స్టెంటో వాటిని బట్టే తెలుస్తుంది.
- స్టెంటు కరిగిపోయింది కదా అని మాత్రలు మానవద్దు. డాక్టరు చెబితేనే మార్చాలి.
- కిడ్నీ జబ్బు, షుగరు, మందులు పడకపోవడం వంటివి ఉంటే రంగు మందు ఎక్కించక ముందే చెప్పండి.
- ఏ ఇబ్బందీ లేనివారికి ఓ.సి.టి. ఊరకే చేయించుకోవలసిన అవసరం లేదు.
- ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో ఉండిపోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.