మెదడు లేని ప్రాణికీ నిద్ర

నిద్రపోతేనే పిల్లలు ఎదుగుతారని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు కదా! ఆ మాటకు దగ్గరి సంగతి ఒకటి, అసలు మెదడే లేని ప్రాణుల్లో శాస్త్రజ్ఞుల కంటబడింది.

సముద్రంలో జెల్లీచేప అని ఉంటుంది. పేరుకే చేప. ఎముక లేదు, మెదడు లేదు, ఒంట్లో నరాల అల్లిక మాత్రం ఉంటుంది. కాసియోపియా అనే రకం నీటి అడుగున వెల్లకిలా పడుకుని, గొడుగు తెరిచి మూసినట్టు ఒళ్లు ఆడిస్తుంటుంది. పగలు నిమిషానికి సుమారు 58 సార్లు ఆడిస్తే, రాత్రి 39 సార్లే. 2017లో అమెరికాలోని కాల్టెక్ వాళ్లు రాత్రంతా నీటి ధార కొట్టి దాన్ని లేపుతూ ఉంటే, మర్నాడు మందకొడిగా పడి ఉందట. అచ్చం మనలాగే!

మా జైనూరు అడవుల నడుమ సముద్రం ముచ్చట ఎందుకంటారా? దీని చుట్టం హైడ్రా మంచినీటి కుంటల్లోనే ఉంటుంది. ఇంటర్ పిల్లల జంతుశాస్త్రంలో బొమ్మ చూసే ఉంటారు. నీటి మొక్కల ఆకులకు అంటుకుని, దారప్పోగు లాగా కనిపించే ప్రాణి. దాని ఒంట్లో పాత కణాలు రాలిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. పక్కన మొగ్గలాగా వచ్చిందే పిల్ల హైడ్రా అవుతుంది.

2020లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయం వాళ్లు, కొరియా వాళ్లతో కలిసి, ఈ హైడ్రాకు కూడా నిద్ర ఉందని చూపారు. నాలుగు గంటలకో చక్రంగా వస్తుందట. నీళ్లు అదిరిస్తూ, వేడి మారుస్తూ దాన్ని నిద్రపోనివ్వలేదు. అప్పుడు 212 జన్యువుల పని తీరు మారింది. జన్యువంటే కణం చదువుకుని పని చేసే చీటీ అనుకోండి. వాటిలో పి.ఆర్.కె.జి. అనే చీటీ ఈగల్లోనూ, ఎలుకల్లోనూ నిద్రకు సంబంధించిందే. అంతేకాదు, కొత్త కణాలు పుట్టడం కూడా తగ్గింది.

నిద్ర జన్యువే కణాల పెరుగుదలను ఆపిందని దీంతో రుజువైపోలేదు. అదిరింపుల బాధ కూడా కారణం కావచ్చు. అయినా నిద్ర మెదడు కోసమే అనుకున్న మనకు, అది ముందు ఒంటి కోసం పుట్టిందేమో అనిపిస్తుంది. పరీక్షలని తెల్లవారుజామున నాలుగింటికే పిల్లల్ని లేపే తల్లులు ఇంకో సంగతి వినాలి. పిల్లల్లో ఎదుగుదల హార్మోను గాఢనిద్రలోనే ఎక్కువగా ఊరుతుంది.

ఒక చిత్రం చూడండి. మనకు నిద్ర తెప్పించే మెలటోనిన్ హైడ్రాకూ నిద్ర తెప్పించింది. కానీ మనల్ని మెలకువగా ఉంచే డోపమిన్ కూడా దాన్ని నిద్రపుచ్చింది!