పసితలను ఒత్తకండి

పురిటింట ఇప్పటికీ అదే మాట: "తల కోలగా ఉంది, నెల తిరిగేలోపు ఒత్తకపోతే అలాగే గట్టిపడిపోతుంది." పరిటాలైనా, జగ్గయ్యపేటైనా నీళ్లు పోసే ఆమె బిడ్డను కాళ్ల మీద వేసుకుని, నుదురూ వెనకతలా రెండు అరచేతుల మధ్య అదుముతుంది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే "ఏడవనీ, బలం" అని పక్కనుంచి మరో వైద్యం.

కోలతల రోగం కాదు. పసిబిడ్డ పుర్రెలో ఎముకల మధ్య అతుకులు వదులుగా ఉంటాయి. కాన్పులో ఆ ఎముకలు ఒకదాని మీదికొకటి జరిగి ఇరుకు దారిలోంచి బయటపడనిస్తాయి, తర్వాత కొద్దిరోజుల్లో సర్దుకుంటాయి. ఒత్తిన ఇంట్లోనూ సర్దుకుంటాయి, ఒత్తని ఇంట్లోనూ. పేరు మాత్రం ఒత్తిన చేతికి! కొందరికి నెత్తురు చేరి బొడిపె కడుతుంది. అది వారాల మీద తగ్గుతుంది, నలిపితే కీడే. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లున్న తలచుట్టు ఏడాదికి 46 దగ్గరికి వస్తుంది. పెంచేది లోపలి మెదడు, పైనున్న చెయ్యి కాదు.

అసలు నష్టం వేరే ఉంది. అరుదుగా ఒక అతుకు ముందే కలిసిపోతుంది. తల పొడుగ్గా సాగి, అతుకు వెంట గట్టులా చేతికి తగులుతుంది. దానికి ఆపరేషనే దారి, అదీ ఏడాదిలోపు చేస్తే మేలు. "ఒత్తుదాంలే, అదే వస్తుంది" అనుకుంటూ పోగొట్టుకునేది ఆ నెలల్నే.

ఇక ఆవాల దిండు, ఆన్‌లైన్‌లో దొరికే గుంట దిండు. తలను గుండ్రంగా చేస్తామనే దిండ్లు వాడొద్దని, ఊపిరాడని ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లోనే హెచ్చరించింది.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఎప్పుడూ ఒకే పక్క పడుకుంటే తల సొట్టపోతుందన్న అమ్మమ్మ మాట నిజమే. అయితే తలను పక్క మార్చి పడుకోబెట్టడం వేరు, ఒత్తడం వేరు.

మాడు మీద ఆముదం మెల్లగా రాస్తే తప్పులేదు, మాడు పూడేది మాత్రం దానివల్ల కాదు. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లట. పెళ్లిచూపుల్లో ఇక తలే చూడాలి. పెద్దతలకు పెద్ద తెలివి అన్నదీ అంతే.

తల చూసి కులం చెప్పేవాళ్లకు మాత్రం రెండు ముక్కలు. తల వెడల్పును పొడవుతో భాగించి, వందతో గుణించి మనుషుల్ని గుంపులు కట్టే పద్ధతి 19వ శతాబ్దిది. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ దాంతోనే మన కులాలనూ కొలిచాడు. అమెరికాలో వలసవాసుల పిల్లల తలలు తల్లిదండ్రుల తలల్లా లేవని మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ 1911 నాటికే చూపాడు. చిన్నప్పుడు నందిగామలోనూ చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలను విశ్లేషించారు. ఒక్క అంకెను నమ్ముకోకుండా ఎన్నో కొలతలను కలిపి చూసే గణితాన్ని ముందుకు నడిపారు.

పసితలకూ ఒక్క చూపు, ఒక్క అంకె చాలవు. టీకాకు వెళ్లినప్పుడల్లా తలచుట్టు కొలిపించి కార్డులో రాయించండి. వెల్లకిలా నిద్రపుచ్చండి, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లెదుట కాసేపు బోర్లా వేయండి. మాడు ఉబ్బినా, మెడ ఒకవైపే తిప్పుతున్నా, తలచుట్టు పెరగకపోయినా, మరీ వేగంగా పెరిగినా పిల్లల డాక్టరుకు చూపించండి. నీళ్లు పోసే ఆమెకు ముందే చెప్పండి: తల కడిగితే చాలు.