పాతరల మీద యుద్ధం: గనొండాగన్ గ్రామం కథ



యుద్ధమనగానే కోటలు, ఫిరంగులు, రాజుల పేర్లు గుర్తుకు వస్తాయి. ఈనాటి ప్రసంగంలో మొక్కజొన్న చేల మీద జరిగిన ఒక యుద్ధం గురించి చెప్పుకుందాం. అది జరిగింది 1687వ సంవత్సరం జూలై నెలలో, ఉత్తర అమెరికాలో, ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రపు పడమటి భాగంలో. ఆ ఊరి పేరు గనొండాగన్. ఊరివారు సెనెకా జాతి జనం.

ముందుగా సెనెకాలు ఎవరో తెలుసుకోవాలి. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా అనే అయిదు జాతులు యూరపు వాళ్ళు రాకమునుపే ఒక కూటమిగా ఏర్పడ్డాయి. తమను తాము హౌడెనోసౌనీ అని పిలుచుకున్నారు. పొడవైన ఇంటి జనం అని దాని అర్థం. వాళ్ళు నిజంగానే ఎల్మ్ చెట్టు బెరడు కప్పిన పొడవాటి ఇళ్ళలో, ఒక్కొక్క దానిలో అనేక కుటుంబాలుగా కాపురం ఉండేవారు. మొత్తం కూటమిని అలాంటి ఒకే ఇల్లు అనుకుంటే, పడమటి వాకిలికి కాపలా సెనెకాలది.

ఆ ఇంట్లో పెత్తనం ఆడవారిది. వంశం తల్లి వైపు నుంచి లెక్క. పెళ్ళయిన మగవాడు భార్య ఇంటికి వెళ్ళేవాడు. పొలం, పంట, ధాన్యం నిలువ అన్నీ స్త్రీల చేతుల్లోనే. పెద్దలను ఎన్నుకునేదీ, అవసరమైతే తప్పించేదీ కూడా వంశపు పెద్దతల్లులే. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడింటినీ ఒకే మట్టిదిబ్బ మీద విత్తేవారు. చిక్కుడు తీగ మొక్కజొన్న కర్రను పట్టుకుని పాకుతుంది, గుమ్మడి ఆకు నేలను కప్పి చెమ్మ నిలుపుతుంది. అంతర పంట వేసే మన రైతులకు ఇందులోని తెలివి వేరే చెప్పనక్కరలేదు. అన్నట్టు, మన చేలలోని మొక్కజొన్న కూడా అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినదే.

1677లో గ్రీన్‌హాల్ అనే ఆంగ్లేయుడు ఆ ప్రాంతమంతా తిరిగి, గనొండాగన్ ఒక పెద్ద గుట్ట మీద ఉందనీ, సుమారు 150 ఇళ్ళున్నాయనీ రాసుకున్నాడు. దగ్గరలోనే మరో గుట్ట మీద చుట్టూ గట్టి దుంగల కంచె వేసి ధాన్యం దాచేవారు. ఇళ్ళలో కంకులను జడలుగా అల్లి దూలాలకు వేలాడదీసేవారు. నేలలో గుంటలు తవ్వి, బెరడు పరిచి, గింజలు పోసి మూసేవారు. మనవైపు జొన్నల పాతర ఎరిగినవారికి ఇది వింత కాదు.

ఇంత సుభిక్షమైన ఊరి మీదికి సైన్యం ఎందుకు వచ్చింది? బీవర్ అనే నీటి జంతువు తోలు కోసం. దాని బొచ్చుతో చేసిన టోపీలకు యూరపులో మంచి గిరాకీ. కెనడాలోని ఫ్రెంచివారికి పడమటి అడవుల తోళ్ళన్నీ మాంట్రియల్‌కు రావాలని కోరిక. సెనెకాలు ఆ దారులకు అడ్డంగా ఉండి, ఆల్బనీలోని ఆంగ్లేయులతో వ్యాపారం చేస్తున్నారు. రెండు దొరతనాల మధ్యన ఉన్న ఊరికి ఎటు మొగ్గినా తంటాయే కదా! 1684లో లా బార్ అనే గవర్నరు దండెత్తి, సైన్యం జబ్బుపడి, పరువు పోగొట్టుకుని తిరిగి వెళ్ళాడు. మరుసటి ఏడు అతని స్థానంలోకి డెనోన్‌విల్ వచ్చాడు.

డెనోన్‌విల్ దండయాత్ర మొదలే ఒక మోసం. ఫ్రంటెనాక్ కోట దగ్గర శాంతంగా బతుకుతున్న కొందరు ఇరోక్వాలను విందుకని పిలిచి బంధించారు. వారిలో కొందరిని ఫ్రాన్సుకు పంపి, ఓడల్లో తెడ్లు వేసే బానిసలను చేశారు. పిమ్మట సుమారు 3000 మంది, అంటే ఫ్రెంచి సైనికులు, కెనడా రైతు దళాలు, వారితో చేరిన ఇతర స్థానిక జాతుల వారు, ఒంటారియో సరస్సు దాటి దక్షిణపు ఒడ్డున దిగారు. జూలై 13న గనొండాగన్ సమీపంలోని ఇరుకు దారిలో సెనెకాలు మాటు వేసి కొట్టారు. ముందు వరస చెదిరినా సంఖ్యాబలం ఫ్రెంచివారిదే. సెనెకాలు వెనక్కి తగ్గారు. మర్నాడు సైన్యం గుట్ట ఎక్కి చూస్తే ఊరు బూడిదై ఉంది. శత్రువుకు దక్కకూడదని ఊరివారే నిప్పు పెట్టుకుని, పిల్లాజెల్లాతో తరలిపోయారు.

పట్టుకోవడానికి మనుషులు లేకపోవడంతో సైన్యం పంట మీద పడింది. జూలై నెల, కంకి ఇంకా పచ్చిది. చేలో నిలిచిన మొక్కలను సైనికులు కత్తులతో నరికారు. పాత ధాన్యాన్ని తగలబెట్టారు, పందులను చంపారు. పది రోజుల వ్యవధిలో నాలుగు ఊళ్ళ పంట ఇలాగే పోయింది. మొత్తం నాలుగు లక్షల మినోల ధాన్యం నాశనం చేశామని డెనోన్‌విల్ లెక్క రాశాడు. మినో అంటే దాదాపు 39 లీటర్లు పట్టే ఫ్రెంచి కొలత. ఆ ప్రకారం లక్ష క్వింటాళ్ళు దాటుతుంది. పైవారికి పంపే నివేదికలో అంకెలు పెరగడం లోకరీతి కనుక చరిత్రకారులు దీన్ని యథాతథంగా తీసుకోరు. సగమే నిజమనుకున్నా, అంత పంట పండించిన ఆడవారి శ్రమ ఎంతటిదో ఊహించండి.

చలికాలంలో ఆకలి తన పని తాను చేస్తుందని డెనోన్‌విల్ నమ్మకం. ఆకలి వచ్చింది, కానీ ముందుగా అతని మనుషులకే. తిరుగుదారిలో నయాగరా నది ముఖద్వారం దగ్గర ఒక కోట కట్టి, సుమారు వంద మందిని కాపలా ఉంచి వెళ్ళాడు. చెడిపోయిన తిండితో, స్కర్వీ జబ్బుతో ఆ చలికాలంలో వాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. 1688 వసంతానికి మిగిలింది పన్నెండు మంది. ఆ ఏడే కోట వదిలేశారు.

సెనెకాలకు మాత్రం కూటమిలోని చుట్టాలున్నారు. పొడవైన ఇంటి మాట కష్టకాలంలో పనికొచ్చింది. వాళ్ళు గనొండాగన్‌కు మళ్ళీ రాలేదు గాని, తూర్పున సెనెకా సరస్సు వైపు, పడమట జెనెసీ నది వైపు కొత్త ఊళ్ళు కట్టుకున్నారు. ఇప్పటి జెనీవా పట్టణం దగ్గర కోర్నెల్ విశ్వవిద్యాలయం వారు జరిపిన తవ్వకాలు, ఆ జనం చితికిపోలేదని, తమ తీరులో తాము కుదురుకున్నారని చూపించాయి. 1689 ఆగస్టులో మాంట్రియల్ పక్కనున్న లాషీన్ గ్రామం మీద ఇరోక్వాలు విరుచుకుపడ్డారు. అక్కడ కాలిపోయినవీ రైతుల ఇళ్ళే. చివరికి 1701లో మాంట్రియల్‌లో సంధి కుదిరింది. అయినా 1779లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో, వాషింగ్టన్ ఆజ్ఞతో సల్లివన్ సేన వచ్చి సెనెకాల ఊళ్ళనూ చేలనూ మరోమారు కాల్చింది.

గనొండాగన్ గుట్ట ఇప్పుడు విక్టర్ అనే ఊరి దగ్గర ఉంది. సరిగ్గా మూడు వందల ఏళ్ళకు, 1987 జూలైలో, న్యూయార్క్ ప్రభుత్వం దాన్ని చారిత్రక స్థలంగా ప్రజలకు తెరిచింది. 1998లో అక్కడ పాత పద్ధతిలో ఒక బెరడు ఇల్లు కట్టారు. అయిదు జాతుల కూటమి పుట్టుకలో పాలుపంచుకున్న జిగొన్‌సాసే అనే స్త్రీని ఆ చుట్టుపక్కలే ఖననం చేశారని సెనెకాలు చెప్పుకుంటారు. తన గడపకు ఏ పక్షం వాడు వచ్చినా అన్నం పెట్టిన ఇల్లాలిగా ఆమెను తలుచుకుంటారు.

ఆనాడు నరికిన తెల్ల మొక్కజొన్న రకం నశించలేదు. గనొండాగన్‌లో దానికోసం ప్రత్యేకంగా ఒక పథకమే నడుస్తోంది. గింజలను చేత్తో ఏరి, ఉడికించి, పొట్టు ఊడేదాకా కడిగి, ఆరబెట్టి, పిండి పట్టి అమ్ముతున్నారు.