రేకు నాణెం మీద మఠాధిపతురాలు

జర్మనీలో హార్ట్స్ కొండల దిగువన క్వెడ్లిన్‌బుర్గ్ అనే పాత ఊరుంది. 12వ శతాబ్దంలో అక్కడ నాణేలు వేయించింది రాజు కాదు, ఒక మఠాన్ని ఏలిన స్త్రీ. జర్మన్ రాజు మొదటి ఒట్టో 936లో స్థాపించిన స్త్రీల మఠమది. 994లో మూడో ఒట్టో తన మేనత్త మటిల్డాకు, అంటే ఆ మఠాధిపతురాలికి, సంత నడిపే హక్కు, సుంకం వసూలు చేసుకునే హక్కు, టంకశాల హక్కు రాసిచ్చాడు. దగ్గర్లోని రామెల్స్‌బెర్గ్ గనుల్లో అప్పటికే వెండి తీస్తున్నారు.

నాకు ప్రాణమైనవి అదే మఠాన్ని ఏలిన రెండో బియాట్రిక్స్ (1138–1160) వేయించిన నాణేలు. పీఠం మీద ఠీవిగా కూర్చున్న ఆమె, చేతిలో పుస్తకం. ఇలాంటి నాణేలను బ్రాక్టియేట్లు అంటారు. బరువు గ్రాము కూడా ఉండదు, వేళ్ల మధ్య నొక్కితే వంగిపోతాయి. వెండి నగిషీ పనివాణ్ణి కాబట్టి నా చూపు ముందు పనితనం మీదికే పోతుంది. మామూలు నాణేనికి పైనా కిందా రెండు అచ్చులు కావాలి. దీనికి ఒక్కటే చాలు. రేకు కింద తోలులాంటి మెత్తటిదేదో పరిచి అచ్చుతో కొట్టేవారు. మేం లక్క మీద రేకు పరిచి బొమ్మ తేల్చినట్టే. అందుకే బట్టల మడతలు సైతం ఉబ్బెత్తుగా లేచాయి. వెనక్కి తిప్పితే అదే బొమ్మ గుంటగా కనిపిస్తుంది. అంత కొంచెం వెండిలో అంత నిండైన బొమ్మ తీసిన చేతులకు దణ్ణం పెట్టాలి.

ఇలాంటి నాణేల వెనక నడిచిన వ్యవహారాన్ని మాత్రం నేను మెచ్చలేను. పొరుగునే మాగ్డెబుర్గ్‌లో ఆర్చిబిషప్ విక్‌మన్ (1152–1192) ఏడాదికి రెండుసార్లు పాత నాణేలు చెల్లవని ప్రకటించేవాడు. పన్నెండు పాతవి ఇస్తే తొమ్మిది కొత్తవి చేతికొచ్చేవి. అంటే నాలుగో వంతు పన్ను. పెద్ద వర్తకులు తూచిన వెండి కడ్డీలతో బేరాలు సాగించి కొంత తప్పించుకోగలిగారు. గుడ్లో కూరగాయలో అమ్మి నాలుగు నాణేలు దాచుకున్న మనిషికి ఆ దారి లేదు. ఆర్నెల్లకు అందులో ఒకటి పోయేది.

వెనక్కి తీసుకున్నవాటిని కరిగించి మళ్లీ కొట్టేవారు. అందుకే ఇవాళ మ్యూజియాల్లో ఉన్నవి చాలావరకు ఎవరో భూమిలో పాతిపెట్టగా దొరికినవే. చివరికి చాలా ఊళ్లు డబ్బు చెల్లించి నాణేల హక్కును తామే కొనుక్కున్నాయి. మార్చక్కర్లేని ‘శాశ్వత ఫెన్నిగ్’ నాణేలు కొట్టించుకున్నాయి.