రొయ్య సారం విషానికి విరుగుడా? పళ్లెంలో చుక్కలు చెప్పేదెంత

సూరత్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్లలో చీరల రంగులకు కళ్లు చెదురుతాయి. ఆ నగరపు మరమగ్గాలపై మన తెలంగాణ పద్మశాలీలు ఎందరో బతుకుతున్నారు. అయితే అద్దకపు రంగులన్నీ అమాయకమైనవి కావు. డీఎన్‌ఏను దెబ్బతీసే బెంజిడిన్‌తో తయారయ్యే రంగులను మన దేశం 1990లలోనే నిషేధించింది.

ఇలాంటి రసాయనాలను పసిగట్టేదే ఏమ్స్ పరీక్ష. అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ 1970లలో దీన్ని రూపొందించారు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాను, ఆ పోషకం దాదాపు లేని పళ్లెంలో ఉంచుతారు. జన్యువులో ఉత్పరివర్తన జరిగి ఆ శక్తి తిరిగొచ్చిన కణాలే చుక్కల్లా పెరుగుతాయి. చుక్కలు పెరిగాయంటే రసాయనాన్ని అనుమానించాల్సిందే.

దీన్నే తిరగేసి, విరుగుడు వెతకడానికీ వాడొచ్చు. మెక్సికో పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, బూజు పట్టిన వేరుశనగలో కనిపించే అఫ్లాటాక్సిన్‌కు వన్నామీ రొయ్య కొవ్వు సారాన్ని జోడించారు. చుక్కలు తగ్గాయి. మన భీమవరం చెరువుల్లో పెంచేదీ ఈ రొయ్యనే!

కానీ సారమే బ్యాక్టీరియాను చంపేసినా చుక్కలు తగ్గుతాయి. అందుకే విషం కలపకుండా సారాన్ని ఒక్కదాన్నే విడిగా పరీక్షించాలి. జంతు కండతో ఇంకో తంటా ఉంది: అందులోని హిస్టిడిన్ పళ్లెంలోకి చేరితే, ఉత్పరివర్తన లేకుండానే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. హిస్టిడిన్ నీటిలో కరిగేది కాబట్టి కొవ్వు సారాలతో ఈ బెడద తక్కువ.

రొయ్యల కూర తింటే రంగుల విషం విరుగుతుందా? ఆ మాట ఈ ప్రయోగం చెప్పలేదు. అది అఫ్లాటాక్సిన్‌పై, బ్యాక్టీరియాలో జరిగింది. అద్దకం కార్మికుడికి ఇవాళ్టి రక్షణ చేతి తొడుగులు, గాలాడే షెడ్డు.