పన్నెండు మైళ్ల పాఠం

పదో తరగతి ఫలితాలు రాగానే మా నెల్లూరులో ఎంపీసీనా, బైపీసీనా అన్న మాటే. సీఈసీ, హెచ్‌ఈసీలకు ‘మార్కులు తగ్గినోళ్ల గ్రూపులు’ అని పేరు. జాలర్ల ఊళ్లయిన పట్టపుపాలేల నుంచి బస్సెక్కి సర్కారు జూనియర్ కాలేజీకి వచ్చే పిల్లలకు ఏళ్లుగా సివిక్స్ చెబుతున్నాను. ఆ పేరు పెట్టినవాళ్లను ఒక్క పూట మా క్లాసులో కూర్చోబెట్టాలని ఉంటుంది.

మొదటి సంవత్సరమంతా సిద్ధాంతం: రాజ్యం, శాసనం, స్వేచ్ఛ, సమానత్వం. రెండో ఏడు రాజ్యాంగం, ప్రభుత్వాలు. పుస్తకంలో చప్పిడి పాఠమంటే కేంద్ర–రాష్ట్ర సంబంధాలే. ఏడో షెడ్యూలు, మూడు జాబితాలు. ఎక్కడైనా బట్టీ కొట్టి మరిచిపోతారు. మా దగ్గర గోలంతా ఆ పాఠానికే. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దాకా చేపల వేట రాష్ట్రం చేతిలో ఉంటుంది. అది దాటితే కేంద్రానిది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధానికి కూడా లోపలి నీళ్లకు రాష్ట్రం, బయటి నీళ్లకు కేంద్రం వేరువేరుగా ఉత్తర్వులిస్తాయి. తమిళనాడు మరబోట్లు దగ్గరికొచ్చి వలలు తెంపుతున్నాయని ఇంట్లో వింటూ పెరిగిన పిల్లలు ఊరుకుంటారా? అర్జీ ఎవరికి పెట్టాలన్నది వాళ్లకు పరీక్ష ప్రశ్న కాదు, ఇంటి పని.

అసలు పేచీ శాసనం దగ్గర. సార్వభౌముడి ఆజ్ఞే శాసనమన్నాడు న్యాయశాస్త్రవేత్త ఆస్టిన్. మరి పాలెంలో ఊరిపెద్దలైన పెద్దకాపులు కూర్చుని వేసే దురాయి, అంటే ఊరి కట్టు, ఏమిటి సార్, దాటితే జరిమానా ఉంది కదా అంటారు. కోర్టులో నిలవదంటాను. నిలవకపోతే పోనీ, వలల తగువులు ఇన్నాళ్లూ తీర్చిందెవరని వెనక బెంచీ నుంచి వస్తుంది. 1860ల్లో వైస్రాయి కౌన్సిల్లో లా మెంబరుగా ఉన్న హెన్రీ మెయిన్ పట్టుకున్నదీ ఈ కొసనే. పంజాబునేలిన రంజిత్‌సింగ్ అంతటివాడు కూడా జనం ఆచారాల జోలికి పోలేదు, ఇక ఆజ్ఞ ఎవరిదని ఆస్టిన్‌కు ఎదురు వాదించాడు. మెయిన్ పేరు చెబితే వెనక బెంచీ గర్వంగా నవ్వుతుంది.

ఊరి కట్టు శాసనమైన ముచ్చట మా జిల్లాలోనే ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా వద్దని తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్చుకునే వాచకంలోని ఒక కథ చదివి లేచిన జనం వాళ్లు. దానికన్నా మంచి ఉదాహరణ ఏ యూనివర్సిటీ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

పబ్లిక్ పరీక్షలో మాత్రం దురాయి గురించి రాస్తే మార్కులెవరూ వేయరు. అందుకే ఫిబ్రవరి వచ్చేసరికి నేనూ మారిపోతాను: ఆస్టిన్ నిర్వచనం రాయండి, కింద గీత గీయండి, మిగతా వాదన బస్సులో చేసుకోండి అంటాను.